చీరలు పెడుతున్నాం

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాకు చిన్నప్పటినుంచీ కొంచెం పొగరు. ఆ పొగరుతో రాసిన ఒక కార్డుముక్క వల్ల మా మేనత్త పదిమందిలో తల దించుకోవలసి వచ్చింది. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

యుద్ధం జరుగుతున్న రోజులవి. బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు, ఆఖరికి ఒంటిమీద బట్టకూ కంట్రోలు. నేను పుంగనూరులో ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి ఏడాదయింది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న పోయి రెండేళ్లు. ఇంట్లో నేను, నాకు తోడుగా మా అమ్మను కన్న అవ్వ, ఇద్దరమే. అవ్వకు చెవులు సరిగ్గా వినపడేవి కావు గానీ నోటికి మాత్రం ఏ లోటూ లేదు.

మదనపల్లెలో నాకు చదువు చెప్పిన పెద్ద టీచరమ్మ ఒకామె ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆమెకు బట్టల పిచ్చి పట్టింది. కట్టుకునే పిచ్చి కాదు, ఆమె ఏనాడూ తెల్ల నేతచీర తప్ప కట్టి ఎరుగదు. పాతవి కూడబెట్టే పిచ్చి. గుర్రంకొండలో ఎవరి పెట్టె అడుగున ఏముందో, పుంగనూరు పాత మిద్దెల్లో ఏ మూట అటక మీద ఉందో కనుక్కుని, బతిమాలి తెచ్చేది. తాతలనాటి తలపాగాలు, మోకాళ్లు దాటే అంగీలు, ముసలమ్మల పెళ్లికోకలు ఇల్లంతా నిండిపోయాయి. చివరికి తన పెంకుటింట్లో మూడు గదులు ఖాళీ చేసి, అద్దాల బీరువాలు చేయించి, బట్టల మ్యూజియం అని పేరు పెట్టింది. మొదటి గదిలో పాతకాలం, నడిమి గదిలో పెళ్లిబట్టలు, చివరి గదిలో ఈనాటి ఫ్యాషన్లు. ఊళ్లో జనం మాత్రం మ్యూజియం అనలేదు. మద్రాసు చూసొచ్చినవాళ్లు చచ్చిన జంతువులను దాచిన అక్కడి మ్యూజియాన్ని సచ్చిన కాలేజీ అంటారు కదా, అదే పేరు తెచ్చి దీనికి తగిలించి 'గుడ్డల సచ్చిన కాలేజీ' అన్నారు. టీచరమ్మ చెవిన పడితే మూతి ముడుచుకునేది.

బీరువాల్లో పెట్టే చీటీలన్నీ నా చేతే రాయించింది. ప్రతి శనివారం బస్సెక్కి పోయి రాసి వచ్చేదాన్ని. మ్యూజియం తెరిచే ఆదివారం దగ్గరపడే కొద్దీ నాకు కాలు నిలవలేదు. నా అక్షరాలు ఊరంతా చూస్తుంది, బాగానే ఉంది. కానీ నా మనిషి అనేవాళ్లు ఒకరైనా వచ్చి చూసి, 'భలే రాశావే' అనాలి కదా. అవ్వ బస్సెక్కదు. నాన్నకు ఒక్కతే చెల్లెలు, కుప్పం దగ్గర పల్లెలో ఉంది. ఆమెకు కార్డు రాశాను.

అందులో ఏం రాశానో ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. 'అత్తా, వచ్చే ఆదివారం మదనపల్లెలో మ్యూజియంలో చీరలు పెడుతున్నాం. నువ్వు తప్పక రావాలి. శనివారానికే మన ఇంటికి వచ్చేయి. నిన్ను పిలుచుకొని పోతాను.' అంతే. పిల్లల కాపీ పుస్తకాల్లో తప్పులు ఎర్రసిరాతో దిద్దేదాన్ని, నా కార్డులో తప్పేమీ కనపడలేదు.

తప్పు ఒక్క మాటలో ఉంది. బీరువాలో చీర ఉంచినా పెట్టడమే. మనిషిని పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చీర చేతికిచ్చినా పెట్టడమే. అత్తకు తెలిసిన పెట్టడం ఆ రెండోదే. మ్యూజియం అన్నమాట ఆమె పుట్టి బుద్ధెరిగి విన్నది కాదు. కార్డు చదివిపెట్టిన అయ్యవారు కూడా అదేదో సత్రం పేరు అయ్యుంటుందిలే అన్నాడట. దాచిపెట్టి కథ నడపడం నాకు చేతకాదు, ముందే చెప్పేస్తున్నాను. మా అత్త చీర కోసం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగింది. ఒక చేతిలో చెనిక్కాయల సంచి, ఇంకో చేతిలో తమలపాకుల పొట్లం. ఒంటిమీద అతుకుల చీర. నడుము నుంచి పైకి గోధుమరంగు, కిందికి నీలం. రెండు పాతచీరల్లో చివికిపోయిన భాగాలు కోసేసి, గట్టిగా ఉన్న సగాలను కలిపి కుట్టిన చీర అది. చూశాను, చూసి ఊరుకున్నాను. ఆ రోజుల్లో అట్లాంటి చీరలు వీధికి నాలుగు కనపడేవి. ఒక్క మంచి చీర ఉంటే అత్తాకోడళ్లు వంతులేసుకుని బయటికి వెళ్లే ఇళ్లు నాకు తెలుసు.

అవ్వ ఆమెను కూర్చోబెట్టి, వీధి చివరిదాకా వినపడేటట్టు అడిగింది. "ఏమ్మే, నీ కూతురికి కొడుకు పుట్టినాడంట గదా. సూసొస్తివా?"

అత్త కూతురిని బైరెడ్డిపల్లెకు ఇచ్చారు. తొలికాన్పు తల్లి దగ్గరే అయింది. ఈ రెండోది అత్తగారింట్లో జరిగిపోయింది. పిల్లవాడికి అప్పుడు మూడు నెలలు.

"యాడ సూసేదమ్మా," అంది అత్త. "నాకుండేది ఈ ఒక్క సీర. దీంతో పోయి వాళ్ల గడపలో నిలబడితే నా కూతురికి తలవంపులు. వాళ్లత్త నోరు ఊరకనే ఉండేది కాదు. మీయమ్మకు కట్టుకోను గుడ్డ లేదా అని నా బిడ్డను దినామూ పొడస్తాది. అందుకే పోలేదు. పిలగాడు నవ్వతాండాడంట. మొగం మాత్రం ఎవరి పోలికో తెల్దు."

అని, నా వైపు తిరిగి నవ్వింది. "రేపటితో ఆ బాధ తీరిపోతాదిలే కోడలా."

ఆ మాట నేను విన్నాను. విని ఏమనుకున్నానో తెలుసా? నాలుగు మంచి బట్టలు కళ్లతో చూస్తే మనసు తేలిక పడుతుందంటోంది కాబోలు అనుకున్నాను. ఇంత మొద్దుబుర్రకు టీచరుద్యోగం ఎవరిచ్చారో!

ఆదివారం నేను లేచేసరికే అత్త తలస్నానం చేసి, ముఖానికి పసుపు రాసుకుని, గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. మజ్జిగైనా తాగమంటే, "అయినాంక తాగుతాలే" అంది. ఏమి అయినాక అని నేను అడగలేదు. అప్పటి బస్సులు పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచేవి. ఎత్తు వచ్చిందంటే మగవాళ్లు దిగి నడవాల్సిందే. ఆ పొగలో, ఆ కుదుపుల్లో అత్త చీర కుచ్చిళ్లు మాటిమాటికీ సర్దుకుంటూ కూర్చుంది. కింది సగం, పై సగం కలిసేచోటు ఎవరికీ కనపడకూడదని ఆమె తాపత్రయం.

టీచరమ్మ గుమ్మంలో నిలబడి, వచ్చిన ఆడవాళ్లందరికీ గంధం రాసి బొట్టు పెడుతోంది. తొలిరోజు కదా, మర్యాద. అత్తకూ పెట్టింది. అత్త ముఖం కళకళలాడిపోయింది. ఇంక ఆమెకు అనుమానం ఎందుకుంటుంది?

మొదటి గదిలో అత్త నాకు పాఠం చెప్పింది. అక్కడి చీటీలన్నీ రాసినదాన్ని నేను, కానీ ఒక్క చీర ఎట్లా కట్టేవాళ్లో నాకు తెలియదు. ఎర్రంచు ముతక కోక చూపించి, "ఇది మా అవ్వ కట్టేది. గోచీ పోసి కడితే మళ్లో దిగినా తడవదు," అంది. మోకాళ్లు దాటిన జమీందారీ అంగీ ముందు నిలబడి, "ఈ ఒక్క అంగీ గుడ్డతో మా ఇంటిల్లిపాదికీ రవికలు కుట్టొచ్చు గదమ్మా. పెట్టి పుట్టినోళ్లు," అని నిట్టూర్చింది. నేను నా చీటీల వైపు వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నాను. ఆమె వాటి వైపు ఒకసారి చూసి తల ఊపి, మళ్లీ బట్టనే చూసేది.

మూడో గదిలో జనం ఎక్కువగా ఉన్నారు. బెంగుళూరు నుంచి తెప్పించిన జార్జెట్టు చీర, బుట్టచేతుల జాకెట్లు, పూలపూల వాయిలు చీరలు, అరచేతి వెడల్పు అంచున్న ఒక ఆకుపచ్చ నేతచీర. పైన నా గుండ్రటి అక్షరాల్లో పెద్ద చీటీ, 'ఈనాటి స్త్రీలు ధరించు చీరలు'. అత్త కోసం గట్టిగా చదివి వినిపించాను. ఆమె ఆ ఆకుపచ్చ చీర ముందు నిలబడింది. చాలాసేపు నిలబడి, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది.

"జరీదీ, జార్జెట్టుదీ నాకు వద్దు కోడలా. ఆ పచ్చది పెడితే సాలు. పిలిచి పెడతారా, మనమే పోయి అడగాల్నా?"

నాకు తల కొట్టేసినట్టయింది. తలస్నానం, మజ్జిగ తాగకపోవడం, రేపటితో బాధ తీరుతుందన్న మాట, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అబద్ధం ఆడటానికి కూడా ఏమీ తోచలేదు.

"అత్తా, ఇవి ఇచ్చేవి కావు. చూసేదానికి పెట్టినారు," అన్నాను.

"సూసేదానికా?"

"ఊఁ."

అత్త నవ్వింది. "అదే గదా, సూసేదానికే గదా. నేనూ అదే అనుకుంటి," అంది. ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకున్నాను. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు విన్నారు. ఒకామె పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్త అది చూసింది. చూసి, తలవంచుకుని కుచ్చిళ్లు సర్దుకుంది.

బీరువాల్లోని బట్టల చిరుగులన్నీ సరిచేసిన దర్జీ సాయిబు అక్కడే ఉన్నాడు. కళ్లజోడుకు దారం కట్టుకున్న ముసలాయన. ఆయనకూ వినపడే ఉంటుంది. వినపడనట్టే వచ్చి, అత్త చీర కింది సగం వైపు వంగి చూశాడు.

"అరె, ఈ జోడు ఎవురు కుట్టినారమ్మా? పోగుకు పోగు కలిసిపోయుండాది. మిషనుకు రాదు ఈ పని."

"నేనే కుట్టినా సాయిబూ, సేత్తోనే," అంది అత్త.

"నలభై ఏండ్లుగా కుడతాండా. నాకూ రాదు. దేవుని మీద ఒట్టు," అన్నాడు సాయిబు. అది ఓదార్పుకు అన్న మాట కాదు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. అందుకే పోయి టీచరమ్మను పిలుచుకొచ్చాడు.

టీచరమ్మ ఆ కుట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెది మంచి మనసే, కానీ బట్ట కనపడితే మనిషి కనపడదు. "నిజంగా ఈనాటి చీరంటే ఇదే," అంది. "ఈ కాలపు ఆడవాళ్లు ఇట్లా బతికారని రేపటివాళ్లకు తెలియాలి. అమ్మా, ఈ చీర నాకివ్వు, ఈ బీరువాలో పెడతాను. దీనికి బదులు ఆ ఆకుపచ్చది నువ్వు తీసుకో. లోపలికి పోయి మార్చుకుందువు గానీ, రా."

నా ప్రాణం లేచొచ్చింది. దేవుడే ఇప్పించాడనుకున్నాను. చీర వచ్చేసింది, అత్త మనవడిని చూడటానికి పోతుంది, నా తప్పు కూడా కడుక్కుపోతుంది. కానీ అత్త కదలలేదు.

"వద్దమ్మా," అంది.

"ఎందుకు? అది కొత్తదే."

"కొత్తదే తల్లీ, బాగుండాది. ఇది నేను కట్టుకున్నన్నాళ్లూ నాకు సిగ్గు లేదు. లేనమ్మ కుట్టుకుని కట్టుకునింది, అంతే. దీన్ని ఇప్పి అద్దంలో తగిలిస్తే, వచ్చినోళ్లంతా మా ఇంటి లేమిని సూసి పోతారు. అదైతే నాకు సిగ్గు."

టీచరమ్మ ఎర్రబడిన ముఖంతో అత్త చెయ్యి పట్టుకుని, "తప్పు నాదమ్మా. నేనట్లా అనుకోలేదు," అంది. మరుసటి వారం నేను పోయేసరికి మూడో గది చీటీ తీసేసి ఉంది. 'ఈనాటి కొందరు స్త్రీలు ధరించు చీరలు' అని మళ్లీ రాయించింది.

తిరుగు బస్సులో నాకు లోపల ఉడికిపోతోంది. నా తప్పుకు నేను ఏడవాల్సింది పోయి, ఆమె మీద కోపం తెచ్చుకున్నాను. మనిషి బుద్ధి అంతే, సిగ్గు పట్టలేనప్పుడు కోపంగా మారుతుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోగానే అందుకున్నాను.

"కావాల్సింది చీరే కదత్తా. ఆమె మర్యాదగా ఇస్తానంటే వద్దంటివి. ఇప్పుడు మనవడిని ఎట్లా చూస్తావు? ఇంకో మూడు నెలలు ఇంట్లో కూర్చుంటావా? రోషానికి పోతే కడుపు నిండుతుందా?"

అత్త నా అరుపంతా విన్నది. కోపగించుకోలేదు.

"టీచరమ్మ సీరకని నేను రాలేదు కోడలా. ఆమె ఎవరో నేనెవరో," అంది. "సీరలు పెడతాండాము, నువ్వు రావాల, మన ఇంటికి రావాలని నువ్వు రాస్తివి. నీ కార్డు మూడుసార్లు సదివించుకున్నా. మా అన్న పోయినాంక పుట్టింటినించి నాకు పిలుపనేదే లేదు. ఏటా పండక్కి పిలిచి సీర పెట్టేవాడు. రెండేండ్లాయె. పోనీలే, పిల్ల సిన్నది, దానికి యాడ తెలస్తాది అనుకుంటి. అంతలోకి నీ కార్డొచ్చె. పిల్ల పెద్దదాయె, అత్త ఒకతి ఉండాదని తలుసుకునె, పుట్టింటి సీర పెడతాదంట అని ఊరంతా సెప్పుకున్నా. ఆ సీర కట్టుకుని పోతే నా కూతురింట్లో ఎవురూ నోరెత్తరు గదా అనుకున్నా."

నాన్న పోయినప్పటినుంచీ నాకెవరూ లేరని నేనే ఏడ్చుకునేదాన్ని. నాన్నతో పాటు ఆమెకు ఏం పోయిందో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆమెకు పుట్టిల్లంటే ఇంక ఈ భూమ్మీద నేనే. ఇరవై ఏళ్లదాన్ని, పెళ్లి కూడా కానిదాన్ని. ఆమె నన్ను నమ్మి బస్సెక్కితే, నేను నా అక్షరాలు చూపించాను. ఆమె ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. "యాల ఏడస్తావు, ఊరుకో," అని ఆమే నా వీపు నిమిరింది.

అవ్వకు ఏం వినపడిందో ఏం వినపడలేదో గానీ అసలు సంగతి అర్థమైపోయింది. "నువ్వు పెట్టవు, ఇంకొకరు పెడితే తీసుకోలేదని అరస్తావు. సదువుకున్నదానివి గదా," అని నన్ను చెడామడా తిట్టింది.

నా దగ్గర ఒక కొత్త చీర ఉండేది. కంట్రోలు అంగడి ముందు రెండు పూటలు వరుసలో నిలబడి తెచ్చుకున్నది. మట్టిరంగు, సన్న అంచు, ముతకది. చూపుకు ఆ ఆకుపచ్చ చీర కాలిగోటికి కూడా చాలదు. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకని మడత విప్పకుండా దాచుకున్నాను. అత్తకు చీర లేదని శనివారమే నా చెవులతో విన్నాను కదా, అప్పుడు అది నాకు గుర్తుకే రాలేదు. అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

సోమవారం తెల్లవారగానే పీట వేశాను. అవ్వ విధవరాలు, అందుకని తాను ముట్టకుండా గడప అవతల నిలబడి అన్నీ చెప్పింది. "పెండ్లి కానిదాన్ని, నేను పెట్టొచ్చునా అవ్వా?" అని అడిగాను. "పుట్టింట్లో ఎవురుంటే వాళ్లే పెట్టాల. ఇంకెవురొస్తారు?" అంది. అత్తను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, ఒడిలో బియ్యం, బెల్లం, పసుపుకొమ్ము, వక్కాకు పోశాను. చీర రెండు చేతులా అందించాను. అత్త ఆ ముతక చీరను కళ్లకు అద్దుకుంది. దాని రంగు గానీ, అంచు గానీ చూడనే లేదు.

బస్టాండుకు నేనూ వెళ్లాను. ఆమె ఇంకా అతుకుల చీరలోనే ఉంది. కొత్తది మూటలో పెట్టుకుంది. "బస్సులో బొగ్గుమసి పడతాది. ఊరి బయట కట్టుకుంటాలే," అంది. కండక్టరు కుప్పానికా అని అడిగాడు.

"కాదప్పా. పలమనేరులో దించు. ఆడినించి బైరెడ్డిపల్లెకు పోవాల," అంది అత్త. అని, కిటికీలోంచి నా వైపు వంగింది. "సీర యాడిదని ఆడ అడగతారు గదా. మా అన్న కూతురు పెట్టిందని సెప్తా."

బస్సు కదిలింది. బడికి వేళవుతోందని తెలిసినా నేను ఆ రోడ్డుమీదే నిలబడి, ఎవరు చూస్తున్నారో కూడా చూడకుండా ఏడ్చాను.